సమస్య: నేను పలుకఁ బలికె నిన్న వాడు

నిర్వాహకులు: ఆటవెలది నాలుగో పాదం ఇది. ఇటాలియన్ క్రియల్లో ఊనిక (పలికేటప్పుడు పడే నొక్కు) ఏ అక్షరం మీద పడుతుందో చూసుకుని పూరించండి.

పద్యపిపాసి:
మొదటి యక్షరమున మోపిన నూనిక
పార్లొ యనుట నేను పలుకుటగును;
తుదకు జరిపినంతఁ దోచును వింతగా
నేను పలుకఁ బలికె నిన్న వాడు.

నిర్వాహకులు: మొదట నొక్కితే ‘మాట్లాడుతున్నాను’, చివర నొక్కితే ‘అతను మాట్లాడాడు’ అనే తేడాతో విరోధం చక్కగా విడిపోయింది, అభినందనలు. ‘పార్లొ’లో దీర్ఘం మాత్రం తీసెయ్యండి. పర్–లొ అని విరుగుతుంది. రేఫతో మూతపడ్డ అక్షరంలో అచ్చు సాగదు. ‘ప్రేమిస్తున్నాను’ అనే ఆ–మొ తెరిచిన అక్షరం గనక, ఊనిక పడ్డ అచ్చు అక్కడ సాగుతుంది. ‘పర్’ కూడా గురువే, మీ గణాలకూ యతికీ ఢోకా లేదు.

అక్షరకుమారి: మరి ‘తెరుస్తున్నాను’ అనే ‘ఆప్రొ’ అండీ? మన లెక్కలో ‘ప్రొ’ ముందుదాన్ని గురువు చేస్తుంది కదా.

నిర్వాహకులు: వాళ్ళు ఆ–ప్రొ అనే విడదీస్తారమ్మా. ‘ప్ర’ జంట మొత్తం రెండో అక్షరానికే పోతుంది, ‘ర్ల’ జంట చీలిపోతుంది. ‘ఆ’ సాగడం ఊనిక వల్ల, ‘ప్రొ’ వల్ల కాదు.

అక్షరకుమారి: అయితే నా పూరణ.
లాటినందుఁ దోక రాలిపోయినదంట
తుదను బరువు మిగిలె దొడ్డగాను;
పర్లొ చివర నొత్తి పల్కిన వెంటనే
నేను పలుకఁ బలికె నిన్న వాడు.

నిర్వాహకులు: ఇది నాకెంతో నచ్చింది. లాటిన్ ‘అమావిత్’లో ఊనిక ‘మా’ మీద. దాని తర్వాతి ముక్క కరిగిపోయి, ఊనిక చివరి అక్షరం మీద మిగిలింది: ‘అతను ప్రేమించాడు’ అనే ‘అమొ’. ఊనిక ఎక్కడికీ జరగలేదు. మొదటి పూరణలోని ‘జరిపి’ కన్నా మీ ‘రాలిపోయిన’ నిజానికి దగ్గర. ‘దొడ్డగాను’ పాదం నిండడానికే వచ్చింది. ‘తుదను బరువు మిగిలెఁ దోడు లేక’ అందామా?

అక్షరకుమారి: ధన్యవాదాలండీ, సవరించుకున్నాను.

పద్యపిపాసి: నా అభ్యంతరం ‘నిన్న’ మీద. చివర నొక్కిన ‘పర్లొ’ దూరభూతం, అంటే ఎప్పుడో జరిగిపోయిన పనిని చెప్పే రూపం. మిలాన్‌లో నిన్నటి మాటకు ‘ఆ పర్లాతొ’ అనే మరో భూతకాల రూపం వాడతారు.

నిర్వాహకులు: సిసిలీలో నిన్నటికీ దూరభూతమే వాడతారు, ఆ వాడుక మీద సమస్య నిలుస్తుంది. ‘నాడు’ అని మారుద్దామంటే నే–నా యతి కుదరదు. యతి చెడకుండా దూరభూతం చెప్పే మాట ఎవరైనా చూపితే పాదమే మార్చేస్తాను.