‘ప్రయత్నించుడి’ అంటే ట్రై చేస్తే చాలనా?

అందరికీ వందనాలు. మేముండేది బెంగళూరు, కేఆర్ పురం వైపు. ఆదివారం తెలుగు ఆరాధన అయ్యాక పిల్లలకు కంఠత వాక్యం నేర్పడం నా వంతు. ఈసారి బైబిల్లో హెబ్రీ పత్రిక 12:14: “అందరితో సమాధానమును పరిశుద్ధతయు కలిగియుండుటకు ప్రయత్నించుడి. పరిశుద్ధతలేకుండ ఎవడును ప్రభువును చూడడు.”

‘సమాధానము’ దగ్గర ఇబ్బంది పడతారేమో అనుకున్నా. సెలవులకు గుంటూరు నుంచి వచ్చిన పిల్ల ‘అందరికీ జవాబు చెప్పాలి’ అనేసింది కూడా. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళు మాత్రం తడుముకోలేదు. వీధిలో ఎవరైనా గొడవపడుతుంటే పక్కవాళ్ళు ‘సమాధాన మాడ్కొళ్ళి’ అనడం రోజూ వినేదే కదా. మన బైబిలు తెలుగును కన్నడం కాపాడుతోందన్నమాట!

చిక్కల్లా ‘ప్రయత్నించుడి’తో వచ్చింది. పదేళ్ళవాడు లేచి, “ట్రై చేస్తే చాలా ఆంటీ? రాకపోయినా పర్లేదా?” అన్నాడు. వాడి తప్పేం లేదు. ‘పెళ్ళికి వస్తున్నారా’ అంటే ‘ప్రయత్నిస్తామండీ’ అన్నవాళ్ళకు మనం విస్తరి వేయం. మూలంలో కూడా మాట ఇంత వదులుగానే ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

చెన్నై మాస్టారు: లేదమ్మా, చాలా బిగువుగా ఉంది. గ్రీకులో అక్కడున్న క్రియ ‘దియోకో’. వెంటపడి తరమడం, వేటాడటం దాని అసలు అర్థం. దమస్కు దారిలో “సౌలా, సౌలా, నీవేల నన్ను హింసించుచున్నావు” అన్నచోట ఉన్నదీ అదే క్రియ. ఫిలిప్పీ 3 తీసి చూడండి. 6వ వచనంలో సంఘమును ‘హింసించువాడను’, 14లో గురి యొద్దకే ‘పరుగెత్తుచున్నాను’. తెలుగులో రెండు మాటలు, పౌలు రాసింది ఒక్కటే. ఒకప్పుడు సౌలుగా విశ్వాసుల వెంట ఏ ఊపున పడ్డాడో, ఇప్పుడు అదే ఊపున గురి వెంట పడ్డాడు. తెలుగులో ఆ ముడి ఊడిపోయింది. అలాగని అనువాదకుల్ని తప్పుపట్టను. ‘గురిని హింసించుచున్నాను’ అని రాయలేరుగా! మా తమిళ బైబిల్లో హెబ్రీ 12:14 దగ్గర ‘నాడుంగళ్’ అని ఉంటుంది, వెదకండి అని. అదీ మెత్తనిదే. కానీ ‘చూడడు’ అన్నచోట వాళ్ళు ‘దర్శించడు’ అనే అర్థంలో రాశారు, అది నాకు భలే ఇష్టం.

నేను: మాస్టారూ, మరి ‘వెంటాడుడి’ అని ఉండొచ్చుగా?

చెన్నై మాస్టారు: వేరేచోట ఉంది కూడా. 2 తిమోతి 2:22: యౌవనేచ్ఛలనుండి ‘పారిపొమ్ము’, నీతిని విశ్వాసమును ప్రేమను సమాధానమును ‘వెంటాడుము’. ఒక్క వచనంలోనే రెండు పరుగులు, ఒకటి దూరంగా, ఒకటి దగ్గరికి. కీర్తన 34:14లో “సమాధానము వెదకి దాని వెంటాడుము” అనే ఉంది. హెబ్రీ 12లో వాడకపోవడమే నాకు లోటు. ఎందుకంటే ఆ అధ్యాయం మొదలయ్యేదే పందెంతో. “ఓపికతో పరుగెత్తుదము” అని 1వ వచనం, సడలిన మోకాళ్ళు 12లో, పాదాలకు దారి సరాళం చేసుకోవడం 13లో. ఇంత పరుగయ్యాక 14కి వచ్చేసరికి ‘ప్రయత్నించుడి’ అంటే మనిషి కుర్చీలో కూర్చున్నట్టుంది.

మారతహళ్ళి తమ్ముడు: వెంటాడటం అంటే నాకు వీధికుక్కలే గుర్తొస్తాయి మాస్టారూ. రాత్రి షిఫ్టు అయ్యాక క్యాబ్ సందు మొదట్లో దింపేస్తుంది. అక్కణ్ణుంచి గేటు దాకా ఒకటే పరుగు, బ్యాగు వీపు మీద ఎగురుతూ. ఒకటి మా గేటు దగ్గరే పడుకుని ఉంటుంది, అది లేవదు, చూస్తుంది అంతే. లేచినవాటి సంగతే చెబుతున్నా.

చెన్నై మాస్టారు: ఆ లేచినవాటి క్రియే బాబూ ఇది. పడుకున్నదానిది ‘ప్రయత్నించుడి’.

మడివాళ అన్న: మాటలు మెత్తబడటం ఇక్కడొక్కచోటే కాదు. కీర్తన 51:2లో “నా దోషము పోవునట్లు నన్ను బాగుగా కడుగుము” అని ఉంది కదా. హీబ్రూలో అది ఒళ్ళు కడుక్కునే మాట కాదు, బట్టలు ఉతికే మాట. నిర్గమ 19:10లో “బట్టలు ఉదుకుకొని” అన్నచోట ఉన్న క్రియే. అంటే దావీదు ‘నన్ను చేతులు కడిగినట్టు కడుగు’ అనలేదు, ‘నన్ను ఉతికెయ్యి’ అన్నాడు. మా ఏరియా పేరుకు కన్నడంలో చాకలి అనే అర్థం, మడి అంటే ఉతికిన బట్ట. మా అమ్మమ్మకు మడి అంటే ఎవరూ తాకకూడని బట్ట. చాలామందికి పరిశుద్ధత అంటే ఇప్పటికీ ఆ అమ్మమ్మ మడే. బండకేసి బాదించుకోవడం అన్న సంగతి ఎవరికీ తట్టదు.

ఒక సిస్టర్: అన్నీ బాగున్నాయి గానీ, కాస్త జాగ్రత్త. పరుగెత్తి పట్టుకునేదైతే ఇక కృప దేనికి? పిల్లలకు అది ఎక్కిస్తే రేపు పడిపోయిన రోజున లేవలేరు.

నేను: ఈ మాట నన్నూ గుచ్చింది అక్కా. ఫిలిప్పీ 2:12లో ‘మీ సొంత రక్షణను కొనసాగించుకొనుడి’ అని చెప్పి, ఆ వెంటనే 13లో కార్యసిద్ధి కలుగజేయువాడు దేవుడే అంటాడు. ఆ రెండు వచనాల్నీ విడదీసి నేర్పకూడదని మాత్రం అనుకుంటున్నా.

చెన్నై మాస్టారు: సిస్టర్ గారికి నా జవాబు 23వ కీర్తనలో ఉంది. “కృపాక్షేమములే నా వెంట వచ్చును” అని సమాధి కార్యక్రమాల్లో ఎంత నెమ్మదిగా చదువుతామో! ఆ ‘వెంట వచ్చును’ దగ్గర హీబ్రూలో ఉన్నది 34:14లోని ‘వెంటాడుము’ క్రియే. శత్రువును తరిమేటప్పుడు వాడే మాట. మీరు పరిశుద్ధత వెనక పరుగెడుతుంటే మీ వెనక కృప పరుగెడుతూ ఉంటుంది.

మారతహళ్ళి తమ్ముడు: అంటే ముందూ పరుగే, వెనకా పరుగే. మా సందే నయం.

నేను: 😀 అందరికీ థాంక్స్. నిన్న పిల్లలకు ఇదంతా చెప్పా. ‘ఉతికెయ్యి’ దగ్గర పడీపడీ నవ్వారు. ఆ పదేళ్ళవాడు మాత్రం “అయితే కంఠత వాక్యాల పోటీలో ‘వెంటాడుడి’ అని రాయనా?” అన్నాడు. వద్దు నాన్నా, ‘ప్రయత్నించుడి’ అనే రాయి, లేకపోతే మార్కు పోతుంది అన్నాను.