జైసల్మేర్ బదులు ఓసియాన్ సరిపోతుందా?

డిసెంబర్ 19 శనివారం ఉదయం హైదరాబాద్ నుంచి జైపూర్‌కి, 27 ఆదివారం రాత్రి ఢిల్లీ నుంచి వెనక్కి విమానం టికెట్లు తీసేసుకున్నాం, మార్చలేం. మేం నలుగురం. అమ్మకి 67 ఏళ్లు, మోకాళ్ల నొప్పి. పది మెట్లెక్కితే రెయిలింగ్ పట్టుకుని కాసేపు ఆగాలి. మధ్యలో జోధ్‌పూర్, ఎడారి చూడ్డానికి జైసల్మేర్, చివర్లో ఆగ్రా అనుకున్నాం.

ఇప్పటికి మూడుసార్లు ప్లాన్ వేశాను. మొదటిదాంట్లో తాజ్‌మహల్ 25న పడింది, శుక్రవారం మూసేస్తారు. జైసల్మేర్‌లో ఒక్కరోజే ఉందామంటే వరసగా రెండు రాత్రులు రైల్లోనే గడపాలి. పైగా ఆ రోజుల్లో ఆగ్రా, ఢిల్లీ వైపు పొగమంచుకి రైళ్లు గంటలకొద్దీ లేటవుతాయి, అదో టెన్షన్. కారులో అయితే జైసల్మేర్ నుంచి ఆగ్రాకి సుమారు 800 కిలోమీటర్లు. అంతసేపు కూర్చుంటే అమ్మ కాళ్లు వాచిపోతాయి.

కానీ ఇసుక తిన్నెల మీద సూర్యాస్తమయం చూడాలని తను ఎప్పట్నుంచో అంటోంది. అది మాత్రం తీసేయలేను. జోధ్‌పూర్‌కి 65 కిలోమీటర్ల దూరంలో ఓసియాన్‌లోనూ పాత గుళ్లు, ఇసుక తిన్నెలు ఉన్నాయి, సాయంత్రం వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చు.

రెండూ చూసినవాళ్లు చెప్పండి: ఎక్కువ నడవలేని అమ్మకి ఎడారి చూపించడానికి జైసల్మేర్ వదిలేసి ఓసియాన్ వెళ్తే సరిపోతుందా?