వాక్యం నమ్ముతాం సరే, చెరువు గట్టు మీద ఆ నమ్మకం ఏమైపోద్ది?

ఏటిగట్టు: వందనాలండి. ఆదివారం మా అయ్యగారు బైబిల్లో నిర్గమకాండం 16, మన్నా గురించి, అదే ఎడారిలో ఇశ్రాయేలీయులకి దేవుడు కురిపించిన ఆహారం గురించి చెప్పారు. ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, తెల్లారేదాకా దాచినోళ్ళది పురుగు పట్టి కంపు కొట్టింది, 40 ఏళ్ళు అలా రోజూ ఏరుకోవడంతోనే నమ్మడం నేర్చుకున్నారు అన్నారు. నాది మూడెకరాల వనామి రొయ్యల చెరువు. వాక్యం నిజమేనని ఒప్పుకుంటాను గానీ రాత్రి రెండింటికి కరెంటు పోయి, నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ల చప్పుడు ఆగితే చాలు మెలకువొచ్చేస్తది. టార్చి వేస్తే రొయ్యలు గాలందక గట్టు వారకి తేలిపోయి మీసాలాడిస్తా ఉంటాయి, అప్పుడు ప్రార్థన రాదండి, జనరేటర్ హ్యాండిల్ తిప్పడమే. రేపటి సంగతి దేవుడికొదిలేసి పడుకోవడం మీరెలా నేర్చుకున్నారు?

రొయ్యలబాబు: మూడెకరాలకి ఎన్ని హెచ్‌పీ ఏరియేటర్లు పెట్టావన్నా

లేసుదారం: అన్నయ్యా, ఆరో రోజు రెండింతలు ఏరుకోమని కూడా ఆ అధ్యాయంలోనే ఉంది, అది పురుగు పట్టలేదు. ఆ ముక్క మాత్రం ప్రసంగాల్లో తక్కువ వినపడద్ది ఎందుకో.

లంకోడు: అమ్మాయ్, అది ఏడో రోజు విశ్రాంతి దినం కోసం, ఫిక్స్‌డ్ డిపాజిట్ కోసం కాదు. చెప్పాడని దాస్తే నిలిచింది, భయపడి దాస్తే కుళ్ళింది. 1986 ఆగస్టు గోదావరి వరదకి నాకు పదేళ్ళు, రెండు రాత్రులు పాక కప్పు మీదున్నాం, మా నాన్నకి అక్షరం ముక్క రాదు, అమ్మ చదివితే విని కంఠతా పట్టిన 46వ కీర్తన, దేవుడే మనకి ఆశ్రయం అనేది, చెప్తానే ఉన్నాడు, కింద గేదె అరుపు ఆగిపోయింది, ఈయన ఆపలేదు. మూడో రోజు పొద్దున్న పడవొచ్చింది. 1836లో మన దేశానికొచ్చి ఈ గోదావరి డెల్టాలో పనిచేసిన ఇంగ్లీషు మిషనరీలు బౌడెన్, బీర్ కూడా జీతమిచ్చే సొసైటీ లేకుండానే వచ్చారు మరి.

లేసుదారం: వాళ్ళ భార్యలనెవరన్నా అడిగారా బాబాయ్?

గజరాజు: నేను మీ మతం కాదు గానీ మా గజేంద్రుడు కూడా వెయ్యేళ్ళు మొసలితో పోట్లాడాకే పిలిచాడండి. ముందు హ్యాండిల్ తిప్పండి 😀

లంకోడు: పక్కదారి పట్టించకండి. ఆరో రోజు లెక్క వేరు.

లేసుదారం: సరే, ఆదికాండం 41 తీయండి. కరువొస్తదని యోసేపు ఏడేళ్ళు పంటలో ఐదో వంతు కొట్లలో దాయించాడు, అదీ అవిశ్వాసమేనా?

లంకోడు: అది దేవుడు ఫరో రాజుకి కలలో చూపించాడు. నీకొచ్చిందా కల? వాక్యం నేర్పాల్సింది వదిలేసి దాంట్లో లొసుగులు వెతుకుతున్నావు నువ్వు.

లేసుదారం: కల రాలేదండి. మా నాన్నా అచ్చం ఇలాగే అనేవోడు. 96 నవంబరు తుఫానుకి మా కొబ్బరి తోటంతా పడుకుండిపోయింది, అమ్మ రాత్రిళ్ళు బుడ్డి దీపం కాడ లేసు అల్లి పది, ఇరవై పాలడబ్బాలో దాచేది. నాన్న చూసి ఇది అవిశ్వాసమని మొత్తం కానుక పెట్టెలో వేయించాడు. నెల తిరక్కుండా తమ్ముడికి మెదడు జ్వరం, రాజమండ్రి తీసుకెళ్ళమన్నారు, బండి కిరాయి కోసం అమ్మ ఇల్లిల్లూ తిరిగింది. బతికాడు, ఎడం చెవి మాత్రం ఇప్పటికీ వినపడదు. నమ్మింది నాన్న, వడ్డీ కట్టింది అమ్మా తమ్ముడూను. నా గొడవ మన్నాతో కాదు.

కోనసీమకాలవ: 🙏

లంకోడు: తమ్ముడి సంగతి నాకు తెలీదు తల్లీ. ఇంకొకళ్ళ కష్టం లాక్కెళ్ళి పెట్టెలో వేయడం తప్పే, మీ నాన్నగారని చూడకుండా అంటున్నాను. కానీ ఒక మాట, మా ఇంట్లో ఆ పాలడబ్బానే లేదు. దాచాలా వద్దా అనేది దాచడానికేదో ఉన్నోళ్ళ గొడవ. మాకా కీర్తన ఒక్కటే ఉంది, అది కూడా ఉత్తిదేనంటే ఆ రెండు రాత్రులూ మా నాన్న దేన్ని పట్టుకున్నట్టు?

లేసుదారం: ఉత్తిదని నేనెక్కడన్నాను బాబాయ్. అమ్మ కూడా అదే కీర్తన చదువుకుంటా అల్లేది.

లంకోడు: ఆరో రోజు సంగతి మాత్రం నేనొప్పుకోను.

ఏటిగట్టు: రాత్రి మళ్ళీ పోయింది కరెంటు. హ్యాండిల్ తిప్పుతా తిప్పుతా 46వ కీర్తన అందామంటే రెండో వచనం కాడ మర్చిపోయాను, ఇంజను అందుకుంది. భయం తగ్గిందా అంటే లేదు. బాబూ, రెండు హెచ్‌పీవి ఆరున్నాయి. మేత టైమైంది, మిగతాది సాయంత్రం చదువుతా.