అప్‌డేట్: నల్గొండలో వాలంటీర్ గ్రూపులో చేరాను

నాది తెలుగు మీడియం డిగ్రీ, ఇంగ్లిష్ అంతంతమాత్రం. అమ్మాయిలకు, చూపు లేనివాళ్లకు కంప్యూటర్ నేర్పే గ్రూపులో నన్ను చేర్చుకుంటారా అని పోయిన నెల అడిగాను. చేర్చుకున్నారు. ధైర్యం చెప్పిన అందరికీ థ్యాంక్స్.

మొదటి ఆదివారం దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక చెల్లె పక్కన కూర్చున్నాను. తనకు చూపు అసలు లేదు. తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ వేసి, గొంతు తెలుగుకు మార్చాం. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కోడ్ రాసి తన పేరు తెలుగులోనే ప్రింట్ చేసింది. ఆ గొంతు పేరు చదవగానే హెడ్‌ఫోన్స్ రెండు చేతులతో అదిమి పట్టుకుని, "అక్కా, ఇంకోసారి" అంది. నాకు మాట రాలేదు.

ఇంగ్లిష్ గురించి పడ్డ టెన్షన్ అనవసరం. అక్కడ కావాల్సింది తెలుగులో ఓపికగా చెప్పేవాళ్లే. బస్సులతోనే కష్టం. చీకటి పడకముందే ఊరు చేరాలని అమ్మాయిలు మధ్యలోనే లేచిపోతున్నారు. అందుకే వచ్చే వారం నుంచి క్లాసు పొద్దున పదింటికి మారుస్తున్నాం.