మన గోదారి జిల్లాల్లో రాడిక్కియో వేసినవాళ్ళెవరైనా ఉన్నారా?

పాలకొల్లు_మేడతోట:
అందరికీ నమస్తే అండి. మా అబ్బాయి ఇటలీ నుంచి వస్తూ రాడిక్కియో అని అక్కడివాళ్ళు తినే చేదు ఆకుకూర విత్తనాలు రెండు ప్యాకెట్లు తెచ్చాడు, ఒకటి పల్లా రోసా, ఇంకోటి ట్రెవీసో అని రాసుంది. బొమ్మలో చూస్తే ఎర్ర క్యాబేజీ పిల్లలా ఉంది, తెల్ల ఈనెలు, ముదురు వంగపండు రంగు ఆకులు. మాది మేడ మీద తోట, కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు కలిపిన గ్రో బ్యాగులు. ఇదేమో చలి పంట అంటున్నారు, మనకి చూస్తే ధనుర్మాసంలో తప్ప దుప్పటి తియ్యం, ఇక్కడ వస్తుందా? నెట్‌లో అన్నీ మంచు పడే ఊళ్ళ లెక్కలే ఉన్నాయి.

రాజోలు_లంకరైతు:
వస్తుందండి, కాకపోతే బొమ్మలో చూపించినట్టు గట్టిగా గడ్డ కడుతుందని ఆశ పెట్టుకోకండి. మేం లంక నేలలో పెరట్లో వేస్తాం, ఇసుక కలిసిన ఒండ్రు కాబట్టి నీళ్ళు నిలవవు, దానికి అదే ముఖ్యం. అంతా టైమింగులోనే ఉందండి. వానాకాలంలో పోస్తే నారు కుళ్ళిపోద్ది, సంక్రాంతి అయ్యాక పోస్తే ఆకు వేసీ వెయ్యకుండానే ఎండలొచ్చి పూత కాడ లేచిపోద్ది. దసరా దాటాక ట్రేల్లో నారు పోసుకుని, కార్తీక మాసం వాయుగుండాలు కాస్త సర్దుకున్నాక, అంటే సార్వా కోతలప్పుడు, మడిలోకి మార్చుకోవాలి. డిసెంబరు, జనవరిల్లో మనకి రాత్రిపూట 18, 20 డిగ్రీల దాకా దిగుతుంది, పగలేమో 28, 30 ఉంటుంది, ఆ రెండు నెలలే దానికి మన దగ్గర దొరికే చలికాలం, దాన్ని ఒక్క వారం కూడా పోగొట్టుకోకూడదు. విత్తనం లోతుగా పెట్టొద్దు, అర సెంటీమీటరు మట్టి చాలు. ట్రే ఎండలో ఉంటే మొలక సరిగా రాదు, నీడన పెట్టి తడి గోనెపట్టా కప్పండి, మొలక కనపడగానే తీసెయ్యండి, లేకపోతే పీచులా సాగిపోతాయి. మొక్కకీ మొక్కకీ అడుగు దూరం ఉండాలి.
రంగు గురించి కూడా చెప్తున్నా, ముందు ఆకుపచ్చగానే ఉంటుంది, విత్తనం వేరేది ఇచ్చారేమో అనుకోకండి, రాత్రి చలి తగిలేకొద్దీ లోపలి ఆకులు ఎర్రబడతాయి.

తోటకూర_చాలు:
ఇంత కష్టం దేనికండీ, అదే మడిలో పాలకూర, కొత్తిమీర వేస్తే ఇంటిల్లిపాదికీ సరిపోను వస్తాయి. చేదే కావాలంటే కాకరపాదు ఉందిగా 😀

కడియం_మొక్కలు:
పైన అన్నగారు చెప్పిన టైము కరెక్టు. మేం నర్సరీ లైనులో ఉన్నాం, దీని నారు అడిగేవాళ్ళు తక్కువ కాబట్టి ఇక్కడ దొరకదు, విత్తనం నుంచే చేసుకోవాలి. మేడ మీద అయితే 50 శాతం షేడ్ నెట్ వెయ్యండి, పొద్దున ఎండ తగలనిచ్చి మధ్యాహ్నం ఎండ ఆపితే చాలు. వట్టి కొబ్బరి పొట్టు ఎక్కువ పెట్టకండి, పైన ఎండినట్టు కనిపించి లోపల తడి పట్టి ఉంటుంది, మీరేమో మళ్ళీ నీళ్ళు పోస్తారు, మొదలు కుళ్ళుతుంది. మాగిన గెత్తం, మట్టి, కాస్త ఇసుక కలపండి, గుప్పెడు వేపపిండి. నీళ్ళు ఒకరోజు ముంచి రెండ్రోజులు మానేస్తే లోపలి లేతాకుల అంచులు మాడతాయి, అది తెగులు కాదు, మందు కొట్టకండి, ఆకుకి కాల్షియం సరిగా అందక అలా అవుతుంది, తడి సమంగా ఉంచితే తగ్గుద్ది. నత్తలు మాత్రం రాత్రి టార్చి పట్టుకుని ఏరుకోవాల్సిందే.

భీమవరం_చెరువుగట్టు:
మా ఇంటి చుట్టూ రొయ్యల చెరువులే, బోరు నీళ్ళు ఉప్పదనం. బోరు నీళ్ళు పోసిన కుండీల్లో ముసలాకులు కూడా చివర్ల నుంచి ఎండుకుంటూ వచ్చాయి, పంపు నీళ్ళు పోసినవి బానే ఉన్నాయి. మా వైపువాళ్ళు వాన నీళ్ళో కాలవ నీళ్ళో పట్టి ఉంచుకోండి.

ఫిల్టర్_కాఫీ:
ఒక డౌటండి, మనం కాఫీపొడిలో కలిపే చికోరీ కూడా ఈ జాతే అంటున్నారు, నిజమేనా? అయితే ఆకు తినేసి వేరు వేయించుకుంటే రెండు విధాలా కలిసొస్తుంది కదా.

కడియం_మొక్కలు:
మొక్క జాతి ఒకటేనండి, రకాలు వేరు. కాఫీకి వేసేది లావు వేరు ఊరే రకం, మన దేశంలో గుజరాత్‌లో జామ్‌నగర్, ఖేడా వైపు ఎక్కువ పండిస్తారు. రాడిక్కియో ఆకు కోసం ఎంచిన రకం, వేయించినా అరకప్పు కాఫీకి కూడా చాలదు.

పాలకొల్లు_మేడతోట:
ఇటలీలో ట్రెవీసో ఊరివాళ్ళు మొక్కని వేర్లతో పీకి నీళ్ళలో నిలబెడతారని మా అబ్బాయి వీడియో చూపించాడు. మన ఇంటి ముందే కాలవ ఉంది, అలా చెయ్యొచ్చా?

రాజోలు_లంకరైతు:
ఆయ్, వద్దండి బాబు. అక్కడ బయట చలికి బిగుసుకుపోయిన మొక్కని తెచ్చి చీకటి గదిలో, పారే ఊటనీళ్ళలో వేరు మునిగేలా పెడతారు, అప్పుడు లోపల్నుంచి కొత్తాకు తెల్ల కాడలతో వంకర తిరుగుతూ లేస్తుంది, చేదు కూడా తగ్గుద్ది. మన కాలవ నీళ్ళు వెచ్చన, రెండ్రోజుల్లో వేరు జిగురుపట్టి కంపు కొడుతుంది. మొక్క మీద కుండ బోర్లించినా మన తేమకి లోపల బూజే. దానికన్నా ఒకటి చెయ్యండి, గడ్డ కోసేటప్పుడు వేరు పీకకుండా మొదలు పైన కొయ్యండి, చలి ఇంకా ఉంటే మళ్ళీ చిన్న చిగురు వస్తుంది, అది ఇంకా బాగుంటుంది.

అమలాపురం_వంటిల్లు:
పండించడం అందరూ చెప్తున్నారు, తినడం నేను చెప్తా 😊 పచ్చిగా సలాడ్ అంటే మా ఇంట్లో ఒక్కరూ ముట్టలేదు. తరిగి చల్లటి నీళ్ళలో అరగంట ఉంచితే చేదు కొంత దిగుతుంది. పై ఆకులు ముదురువి కందిపప్పులో మెంతికూర వేసినట్టు వేసి కాస్త చింతపండు, చిన్న బెల్లం ముక్క పడేస్తే చాలా బాగుంటుంది, వెల్లుల్లి, ఎండుమిరపకాయ పోపు ఎక్కువే పెట్టుకోండి. వేపుడు చేస్తే ఆ ఎర్ర రంగంతా పోయి గోధుమ రంగులోకి వచ్చేస్తుంది, చూడ్డానికి బాగోదు, చివర్లో నిమ్మరసం పిండితే కొంచెం నిలుస్తుంది. ఇటలీవాళ్ళు ముక్కలుగా కోసి పెనం మీద నూనె రాసి కాలుస్తారు, మా పిల్లలకి అది నచ్చింది, పప్పు పెద్దవాళ్ళకి నచ్చింది.
తోటకూర గారూ, చేదు ఒకటే కాదండి, కాకర చేదు వేరు, దీని చేదు వేరు, ఒకసారి తిని చూసి చెప్పండి.

తోటకూర_చాలు:
సరే, కూర పంపండి, అప్పుడు చెప్తా.

పాలకొల్లు_మేడతోట:
చాలా థాంక్సండి అందరికీ. అయితే రెండు రకాలూ ఒకేసారి పోసెయ్యనా?

రాజోలు_లంకరైతు:
పల్లా రోసా మాత్రం ఈ ఏడు వెయ్యండి. ట్రెవీసోలో ఆలస్యంగా వచ్చే రకాలకి 100 రోజులు దాటిపోతుంది, మనకి అంత చలి ఎక్కడ. ప్యాకెట్ మీద రోజులు ఎన్ని వేశాడో చూడండి, తొందరగా వచ్చేదైతే నాలుగు గింజలు పక్క ట్రేలో వేసుకోండి. మిగతాది గాలి చొరని డబ్బాలో కట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, ఈ విత్తనం మూడు నాలుగేళ్ళు మొలక పోదు. పోసేటప్పుడు కూడా ప్యాకెట్ మొత్తం ఒకేసారి వద్దు, వారం తేడాతో రెండు దఫాలుగా పొయ్యండి, మధ్యలో వాయుగుండం వస్తే ఒక ట్రే పోయినా ఇంకోటి ఉంటుంది.