శుభమని "చెప్పను వద్దు": ఇందులో ఆ 'ను' ఏమిటి?

అందరికీ నమస్కారం. అడిగేది వ్యాకరణం ప్రశ్నే. కాకపోతే దాని వెనక కాస్త ఇంటి గొడవ ఉంది, ఓపిక పట్టండి.

యోహాను రాసిన రెండో పత్రిక, 10వ వచనం. పాత తెలుగు బైబిల్లో ఇలా ఉంటుంది: "ఎవడైనను ఈ బోధను తేక మీయొద్దకు వచ్చినయెడల వానిని మీ యింట చేర్చుకొనవద్దు, శుభమని వానితో చెప్పను వద్దు."

మేం కోనసీమలో ఒక చిన్న సమాజంలో పెరిగాం. పేరు అనవసరం. పూలు లేవు, గాజులు లేవు, టీవీ లేదు. లోపల ఉన్న నలభై కుటుంబాలు 'విశ్వాసులు', మిగతా భూగోళమంతా 'లోకస్థులు', పక్కవీధి చర్చి పాస్టరు గారితో సహా. మా అక్క ఆ పక్కవీధి చర్చి కుర్రాణ్ణే చేసుకుంది. తర్వాతి ఆదివారం రొట్టె విరిచాక పెద్దలు ఈ వచనం చదివి, ఇక ఆమెకి వందనాలు చెప్పకూడదన్నారు. నాకప్పుడు పదకొండేళ్ళు.

ఆరు నెలలకి అక్క ఇంటికొచ్చింది. అమ్మ "రా" అనలేదు. చాప పరిచింది. అన్నం, గోంగూర, వేయించిన ఉప్పుచేప కంచంలో పెట్టి, నా వైపు తిరిగి "మీ అక్కని తినమను, చల్లారిపోద్ది" అంది. అక్క రెండడుగుల దూరంలోనే ఉంది. నేను అక్కతో "తినమంటుంది అమ్మ" అన్నాను. అక్క నాతో "ఉప్పు తక్కువైందని చెప్పు" అంది. అమ్మ ఉప్పు డబ్బా తెచ్చి నా చేతికిచ్చి పెరట్లోకి వెళ్ళిపోయింది. అక్క తిన్నంతసేపూ బోరింగు కొడుతూనే ఉంది, బిందె ఎప్పుడో నిండిపోయినా.

ఆ వచనాన్ని నేను కంఠస్థం చేసిందే తప్పుగా. "శుభమని వానితో చెప్పను" అని ఆగి, తర్వాత "వద్దు" అనేదాన్ని. నేను చెప్పను, నాకొద్దు అన్నట్టు. చాలా ఏళ్ళు అదొక ఒట్టు అనుకున్నాను. సమాజం వదిలి పన్నెండేళ్ళయింది. మొన్న మళ్ళీ చదివితే వాక్యం అతకలేదు. ఇంతకీ ఈ 'చెప్పను' ఏ చెప్పను?

విశ్రాంత తెలుగు పండితులు, తణుకు:
అమ్మా, అది ఉత్తమపురుష, అంటే 'నేను' రూపం, కాదు. 'చెప్పన్' అనే తుమున్నర్థకానికి ('చెప్పడానికి' అనే అర్థమిచ్చే రూపానికి) 'ఉన్' అనే సముచ్చయం (మాటల్ని కలిపే ప్రత్యయం) చేరి 'చెప్పనున్' అయింది. 'వలదు' అరిగి 'వద్దు' అయింది. "చెప్పనూ లేను, దాచనూ లేను" అంటామే, ఆ 'నూ'యే ఇది. ఇప్పుడైతే దీర్ఘం పెట్టి 'చెప్పనూ వద్దు' అని రాస్తాం, తికమక ఉండదు. పాత అచ్చులో హ్రస్వమే ఉండేసరికి మీరు ఒట్టు పెట్టుకున్నారు.

వాక్యం మొదటి సగం చూడండి. 'చేర్చుకొనవద్దు' అని ఉంది, 'చేర్చుకొననువద్దు' అని లేదు. అంటే రెండో దాని దగ్గర అనువాదకులు కావాలనే 'ను' పెట్టారు.

అడిగినవారు:
మాస్టారూ, అయితే అది 'మరియు' అన్న 'ను'నా, 'కూడా' అన్న 'ను'నా? "చేర్చుకోవద్దు, శుభమూ చెప్పొద్దు" అనడం వేరు. "చేర్చుకోవడం అటుంచి, కనీసం శుభం కూడా చెప్పొద్దు" అనడం వేరు. మా పెద్దలు రెండోదే పట్టుకున్నారు. "పలకరింపే పనికిరాదంటే ఇక ముఖం చూడడం ఎందుకు" అనేవారు.

విశ్రాంత తెలుగు పండితులు, తణుకు:
తెలుగులో ఆ రెంటికీ ఒకటే 'ను'. మూలం చూసినవాళ్ళు చెప్పాలి.

వేదాంత కళాశాలలో గ్రీకు చదివిన ఒకరు:
గ్రీకు మూలంలో ఉన్నది 'కై'. మామూలు 'మరియు'. సందర్భాన్ని బట్టి 'కూడా' కూడా అవుతుంది, మన 'ను' లాగే. ఇక్కడ రెండు నిషేధాలని కలిపే 'మరియు'గా చదవడానికి ఏ ఇబ్బందీ లేదు. మీ పెద్దలు ఒత్తి పలికిన ఒత్తు మూలంలో తప్పనిసరి కాదు.

నాకు ఆ 'ను' కంటే 'శుభము' ఆసక్తి. గ్రీకులో అది 'ఖైరెయిన్', సంతోషించు అన్న క్రియ, అప్పటి వాడుకలో పలకరింపు. మన అనువాదకులు దాదాపు అంతటా 'శుభము' అనే పెట్టారు. గబ్రియేలు దూత మరియతో "దయాప్రాప్తురాలా నీకు శుభము" అన్నాడు. యూదా "బోధకుడా, నీకు శుభమని" చెప్పి ముద్దుపెట్టుకుని పట్టిచ్చాడు. ముళ్ళకిరీటం పెట్టిన సైనికులూ అదే అన్నారు. సమాధి నుంచి వెళ్తున్న స్త్రీలకి ఎదురైనప్పుడు యేసు పలికిందీ ఆ మాటే. యాకోబు తన ఉత్తరం "శుభమని చెప్పి వ్రాయునది" అని మొదలెట్టాడు. తెలుగువాళ్ళం రోడ్డు మీద ఎవరికీ శుభం చెప్పం, మనకి శుభం సినిమా చివర్లో కదా. అయినా అనువాదకుల పట్టుదల మెచ్చుకోవాలి.

ఇంకో సంగతి. ఈ పత్రిక మొత్తం 13 వచనాలే. 10లో 'శుభము' వద్దన్నాడు. 13లో "నీ సహోదరి పిల్లలు నీకు వందనములు చెప్పుచున్నారు" అన్నాడు. అక్కడ గ్రీకు క్రియ వేరు, తెలుగులోనూ మాట వేరు. మీ పెద్దలు నిషేధించింది వందనాలని. వచనంలో ఉన్నది శుభం!

7వ వచనం కూడా చదవాలి. యేసుక్రీస్తు శరీరధారియై వచ్చెనని ఒప్పుకోని వంచకులు ఊళ్ళు తిరుగుతున్నారని అక్కడ ఉంది. ఆరోజుల్లో సంఘాలు ఇళ్ళలోనే కూడేవి, తిరిగే బోధకులకి ఇళ్ళలోనే బస. "మీ యింట చేర్చుకొనవద్దు" అన్నది వాళ్ళ గురించి. పక్కవీధి చర్చిలో పెళ్ళి చేసుకున్న పిల్ల గురించి కాదు.

కరీంనగర్ నుంచి:
మీరంతా 11వ వచనం వదిలేసిన్రు. "శుభమని వానితో చెప్పువాడు వాని దుష్టక్రియలలో పాలివాడగును." మా దిక్కు పాలోళ్లు అంటే దాయాదులు, ఒక్క ఇంటిపేరోళ్లు. ఎవరన్న సచ్చిపోతే మైల పాలోళ్లకే. పాలు అంటే వాటా, గందుకే పాలివాడు అంటే భాగస్తుడు అయిండు, అది తెలుసు. గని మా ఊర్ల ముసలోళ్లు ఈ వచనం ఇంటే ఎట్ల అర్థమైతదో చూడుర్రి: వానికి దండం పెడితే నువ్వు వాని పాలోనివైతవు, వాని మైల నీకు అంటుతది. గ్రీకుల ఈ భయం ఉన్నదో లేదో తెల్వది, తెలుగుల మాత్రం గట్టిగనే ఉన్నది. సొంత పాలోళ్లను ఇడిసిపెట్టుమని చెప్పెతందుకు పాలివాడు అన్న మాటనే దొరికింది!

యెహోవాసాక్షుల్లో పెరిగి బయటికి వచ్చిన ఒకరు:
సొంత కథ చెప్పను (ఇది ఉత్తమపురుషే మాస్టారూ). అచ్చులో ఉన్న సంగతులే చెప్తాను. సంఘం నుంచి బహిష్కరించే పద్ధతిని సాక్షులు 1952లో తమ పత్రిక కావలికోట ద్వారా స్థిరపరిచారు. 1981 సెప్టెంబరు 15 సంచికలో ఈ యోహాను వచనం ఆధారంగానే, మామూలు హలో కూడా సంభాషణకి మొదటి మెట్టు కావచ్చు కాబట్టి వద్దు అన్నారు. తనంతట తానే సంఘం విడిచిపోయినవాళ్ళకీ అదే వర్తింపజేశారు.

2024లో ఇంగ్లీషు ప్రచురణల్లో 'డిస్‌ఫెలోషిప్' అనే మాట ఆపేసి 'సంఘం నుంచి తొలగించిన వ్యక్తి' అనడం మొదలెట్టారు. అలాంటి వ్యక్తి కూటానికి వస్తే ముక్తసరిగా పలకరించాలా వద్దా అన్నది ఎవరి మనస్సాక్షికి వాళ్ళు తేల్చుకోవచ్చన్నారు. మతభ్రష్టులకి మాత్రం ఆ సడలింపు లేదు. 43 ఏళ్ళలో వచనంలో అక్షరం మారలేదు. 'హలో' ఒకటి లోపలికొచ్చింది. భాష గుంపు కాబట్టి అడుగుతున్నాను: 'శుభము'కి ఇప్పటి తెలుగు 'హలో'నా, 'బాగున్నారా'నా, 'భోంచేశారా'నా? 'భోంచేశారా' అయితే ఈ అక్కగారి అమ్మ నిషేధాన్ని సగం దాటేసినట్టే.

గుంటూరు నుంచి:
మా సంఘంలో వాడింది వేరే వచనం. ఒకటో కొరింథీ 5:13, "ఆ దుర్మార్గుని మీలోనుండి వెలివేయుడి." మా చిన్నాన్న సినిమాకెళ్ళాడని ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం) ఇవ్వడం ఆపినప్పుడు సేవకుడు ఇదే చదివాడు. మా నానమ్మ కూటం మధ్యలో లేచి, "వెలివాడలో పుట్టినోళ్ళం, వెలి మాకు చెప్తావేంటయ్యా" అని బయటికొచ్చేసింది. ఆవిడకి చదువు రాదు. ఆ మాటని ఆవిడ పట్టుకున్నట్టు ఏ వ్యాఖ్యానమూ పట్టుకోలేదనే నా అభిప్రాయం.

విశ్రాంత తెలుగు పండితులు, తణుకు:
ఆమెకి నా నమస్కారాలు చెప్పండి. వెలి అంటే బయట, తమిళంలో 'వెళి'. వెలుపల, వెలికితీయడం, వెలివాడ, వెలిబుచ్చడం, అన్నీ అందులోంచి వచ్చినవే. మనసులోది బయటపెడితే వెలిబుచ్చడం, మనిషిని బయటపెడితే వెలివేయడం.

ఇంకొకరు:
ఇది భాష గుంపా, మతం గుంపా? ప్రతి సంఘానికీ క్రమశిక్షణ ఉంటుంది. బయటికి పోయినవాళ్ళు చెప్పేదే విని తీర్పు చెప్పకండి.

అడిగినవారు:
మీ మాటలో న్యాయం ఉంది. మా సమాజంలో తాగుడు మానేసి ఇల్లు నిలబెట్టుకున్నవాళ్ళని నేనే చూశాను. నాకు చదవడం నేర్పింది కూడా ఆదివారం బడే, ఈ వచనం నేర్చుకున్నదీ అక్కడే. నేను అడిగింది మాత్రం 'ను' గురించే.

నిన్న రాత్రి ఇదంతా అమ్మకి ఫోన్లో చదివి వినిపించాను. అమ్మ ఇప్పటికీ ఆ సమాజానికే వెళ్తుంది. శుభానికీ వందనానికీ తేడా చెప్తే "అలాగా" అంది. కాసేపు ఊరుకుని, "మరి 'అట్టివానితో భుజింపనుకూడదు' అన్నచోట ఉన్నది కూడా ఈ 'ను'యేనా? అడుగు" అంది. అడుగుతున్నాను.

విశ్రాంత తెలుగు పండితులు, తణుకు:
తెలుగులో అదే 'ను'. భుజింపన్ + ఉన్.

వేదాంత కళాశాలలో గ్రీకు చదివిన ఒకరు:
ఒకటో కొరింథీ 5:11. అక్కడ మూలంలో 'కై' కాదండీ, 'మీదె'. 'కనీసం అది కూడా వద్దు' అనే అర్థం. అక్కడ మాత్రం ఆ 'ను' నిజంగా 'కూడా'యే. అయితే ఆ వచనం జారుల గురించి, లోభుల గురించి, తాగుబోతుల గురించి. మీ అక్కకి ఎలా వర్తించిందో ఆ పెద్దలే చెప్పాలి. కానీ 'ను' మటుకు మీ అమ్మగారు విన్నట్టే ఉంది.

అడిగినవారు:
థాంక్సండీ. అమ్మకి ఇంకా చెప్పలేదు.