1939 రూపాయి: కొన్నాక గ్రేడింగ్‌కు పంపాలా, గ్రేడింగ్ అయినదే కొనాలా?

ప్రశ్న (ఎం.వి.పి. కాలనీ)
నమస్కారం. ఆరవ జార్జి వెండి రూపాయల్లో నా దగ్గర లేనిది 1939 నాటిది ఒక్కటే. కురుపాం మార్కెట్‌లో ఒక వ్యాపారి వద్ద అది ఉందని తెలిసి చూసి వచ్చాను. బరువు 11.66 గ్రాములు తూగింది. ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం (ఎక్స్‌కిరణాలతో లోహాల పాళ్లు చూపేది) వెండి 91 శాతానికి పైగా ఉన్నట్టు చూపింది. అయితే నాణెం విడిగానే ఉంది, ఏ ధ్రువీకరణా లేదు. కొన్నాక గ్రేడింగ్‌కు (అసలుదో కాదో తేల్చి, స్థితిని బట్టి అంకె ఇచ్చే పరీక్షకు) పంపడం మేలా, ధర ఎక్కువైనా పీసీజీఎస్ లేదా ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ సంస్థల స్లాబ్‌లో, అంటే వారు సీలు వేసిన ప్లాస్టిక్ పెట్టెలో, ఉన్నదే వెతుక్కోవడం మేలా?

జవాబు (సీతమ్మధార)
ఆ రెండు పరీక్షలూ అవసరమే కానీ, ఈ నాణెం విషయంలో జరిగే అసలు మోసాన్ని అవి పట్టుకోలేవు. 1940 నుంచి వెండిని 50 శాతానికి తగ్గించారు కనుక ఆ రూపాయలను దిద్ది చేసినవీ, నాసిరకం పోత నకిలీలూ లోహ పరీక్షలో బయటపడతాయి. 1938 రూపాయిలో చివరి 8ని చెక్కి 9గా మార్చినప్పుడు మాత్రం బరువు, లోహం, ముద్ర అన్నీ అసలువే, అబద్ధమల్లా ఆ ఒక్క అంకెలోనే ఉంటుంది. పది రెట్ల భూతద్దంతో దాని చుట్టూ చూడండి. సన్నని గీతలు గానీ, మిగతా తలంతో కలవని మెరుపు గానీ కనిపిస్తే వదిలేయండి. 1939 రూపాయి బొంబాయి టంకశాలది కనుక ఆ టంకశాల గుర్తైన చుక్క తప్పక ఉండాలి, అయితే 1938 బొంబాయి రూపాయికీ అదే చుక్క ఉన్నందున అది మాత్రమే చాలదు. నేనైతే ధ్రువీకరించినదే కొంటాను. ఇక్కడ మనం డబ్బిచ్చేది నాణెం అసలుదన్న హామీకే. నాణెం స్థితిని కొలిచే షెల్డన్ కొలమానంలో 70కి ఎంత వచ్చిందన్నది నా దృష్టిలో తర్వాతి మాట.

జవాబు (గాజువాక)
స్లాబ్‌లకూ నకిలీలు వస్తున్నాయి. స్లాబ్‌పై ఉన్న ధ్రువీకరణ సంఖ్యను గ్రేడింగ్ సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసి, అక్కడ ఫోటో ఉంటే గీతలతో సహా మీ చేతిలోని నాణెంతో పోల్చండి. బేరానికి ముందు దాన్ని తోమించనివ్వకండి. తోమిన నాణేనికి గ్రేడు అంకె ఇవ్వకుండా ‘డీటెయిల్స్’ అని మాత్రమే రాస్తారు, ధర బాగా పడిపోతుంది.

ప్రశ్నించినవారు
ఇద్దరికీ ధన్యవాదాలు. నా దగ్గరున్న 1911 రూపాయిని కూడా విదేశానికి పంపి గ్రేడింగ్ చేయించవచ్చా?

జవాబు (సీతమ్మధార)
దాన్ని పంపకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు, ప్రైవేటు వ్యక్తులు దాన్ని ఎగుమతి చేయకూడదు. 1939 రూపాయికి ఇంకా ఆ వయసు రాలేదు కానీ, దానికైనా కస్టమ్స్ నిబంధనలు ముందుగా కనుక్కోండి.